గౌరయ్యను పరామర్శించడానికి వెళ్ళిన ఆదివారం

గౌరయ్య నా తమ్ముడు. మా అమ్మకు నా తర్వాత పుట్టాడు, నా చంకనెక్కి పెరిగాడు. అందుకే వాడి సంగతి చెప్పే హక్కు నాకుంది, వాడికి నచ్చినా నచ్చకపోయినా.

మాది శామీర్‌పేట. మా ఇళ్ళలో అందరూ చెరువు మీద బతికినవాళ్ళే. మగవాళ్ళు వల వేస్తే, ఆడవాళ్ళం గంప నెత్తిన పెట్టుకుని మేడ్చల్ దాకా తిరిగి చేపలు అమ్మేవాళ్ళం. గౌరయ్యకు మాత్రం నీళ్ళంటే భయం. మా నాయిన వాణ్ణి మొదటిసారి తెప్ప ఎక్కించిన రోజు వాడి అరుపులకు చేపలన్నీ అవతలి గట్టుకు పారిపోయాయని ఊరంతా చెప్పుకుని నవ్వింది. ఇక మా నాయిన వాణ్ణి మళ్ళీ పిలవలేదు.

వాడు రైల్వేలో చేరాడు. పొద్దున్నే భుజాన సుత్తె వేసుకుని గౌడవెల్లి నుంచి మేడ్చల్ దాకా పట్టాల వెంట నడవాలి, ఎక్కడ వదులుగా కనిపిస్తే అక్కడ కొట్టి బిగించాలి. అదీ పని. ఎండలో, వానలో తల వంచుకుని నడిచీ నడిచీ వాడికి మనిషి ముఖం చూసి మాట్లాడే అలవాటు పోయింది. పెళ్ళిచూపులకు వెళ్ళి వస్తే, పిల్ల ఎట్లుందిరా అని అడిగాను.

"చెప్పులు గట్టిగున్నయ్ అక్కా" అన్నాడు.

ఆ చెప్పుల పిల్లే వీడితో ముప్పై ఏళ్ళకు పైగా కాపురం చేసింది. వీడి బదులు లోకంతో ఆమే మాట్లాడింది. కరోనా తర్వాతి ఏడు ఆమె పోయింది. కూతురు దీప వచ్చి బాపును కొంపల్లిలో తన ఫ్లాటుకు తీసుకుపోయింది.

దీప మంచి పిల్ల. అల్లుడూ మంచివాడే. అయితే ఇద్దరూ పొద్దున పోతే చీకటి పడ్డాక వస్తారు. గౌరయ్య ఆ ఏడో అంతస్తులో ఏం చేస్తాడు? నడుస్తాడు. లిఫ్టు దగ్గర నుంచి మెట్ల దాకా, మెట్ల దగ్గర నుంచి లిఫ్టు దాకా, తల వంచుకుని. పక్కింటావిడ పాపం రెండుసార్లు అడిగిందట, "అంకుల్, ఏమైనా పడిపోయిందా, వెతకమంటారా" అని. అది తట్టుకోలేక రోడ్డు మీదికి దిగాడు. అక్కడ ఎవడో బండివాడు మోకాలికి తగిలించి పోయాడు. అప్పటి నుంచి బయటికి వెళ్ళొద్దని దీప ఆన పెట్టింది. తర్వాత ఒకనాడు బాత్రూంలో జారిపడ్డాడు. లేవలేక, ఫోను అందక, దీప ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆ తడి నేల మీదే ఉన్నాడు.

ఆ తర్వాత దీపకు ఆఫీసులో కుదురు లేదు. గంటకోసారి ఫోను. బాపూ పడ్డవా, బాపూ లేసినవా, బాపూ బాత్రూంకు పోకు నేనొచ్చేదాక. మనిషన్నవాడు అట్లా ఆగుతాడా?

మేడ్చల్ నుంచి శామీర్‌పేట వచ్చే రోడ్డు మీద పెద్ద వయసు వాళ్ళ కోసమే కట్టిన ఇళ్ళున్నాయి. మోకాలు చూపించుకోవడానికి కారులో పోతుంటే ఆ బోర్డు వాడి కంట పడింది. జీవితంలో మొదటిసారి తలెత్తి చూశాడు కాబోలు. ఆ బోర్డు మీద తెల్ల వెంట్రుకల వాళ్ళు పళ్ళన్నీ కనపడేటట్టు నవ్వుతున్నారు.

"గా ముసలోళ్ళు దేనికి నవ్వుతున్నరో ఒకసారి పోయి సూద్దాం బిడ్డా" అన్నాడట.

దీప ఏడ్చింది. జనం నన్నేమంటరు బాపూ అంది. వాడు వినలేదు, వెళ్ళి చేరిపోయాడు. పింఛను వస్తుంది, మాకున్న కాస్త మెట్ట చెలక అమ్మినప్పటి వాడి భాగం బ్యాంకులో ఉంది, ఎవరినీ అడగనక్కర్లేదు. అక్కడ మొదటి నెల పరీక్ష లాంటిదట. వాళ్ళకు మనం నచ్చాలి, మనకు వాళ్ళు నచ్చాలి, అప్పుడు ఖాయం చేస్తారట. సంబంధం కుదుర్చుకున్నట్టే.

ఇంత జరిగినా నాకు ఒక్క మాట చెప్పలేదు. ఫోను ఎత్తడం లేదేమని నేను దీపను గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు బయటపడింది.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. మాలో ఎవరింట్లోనైనా చావు జరిగినా, ఇల్లు కాలినా, మనిషి మంచాన పడినా, చుట్టాలమంతా కలిసి పరామర్శకు వెళ్తాం. ఉత్త చేతులతో వెళ్ళం. నవ్వుతూ గడప తొక్కం. ఆడవాళ్ళం ముందు ఆ మనిషి మెడ మీద పడి శోకం పెడతాం. శోకమంటే ఉత్త ఏడుపు కాదు. ఆ మనిషి ఎట్లా బతికిందీ, ఏం పోగొట్టుకుందీ రాగం తీసి చెప్పుకుంటూ ఏడవడం. కడుపులో ఉన్నదంతా ఖాళీ అయ్యాక ముఖం కడుక్కుని, తెచ్చింది అందరితో తిని, ఏదో ఒకటి గుర్తు చేసుకుని నవ్వి, అప్పుడు ఇంటికి వస్తాం. శోకం పెట్టడంలో మా చుట్టుపక్కల నన్ను మించినవాళ్ళు లేరు. యాప్రాల్ నుంచి కూడా ఆటో పంపి పిలిపించుకున్న వాళ్ళున్నారు.

గౌరయ్య సంగతి తెలిసి మా వాకిట్లో అందరం కూడాం. ఇది పరామర్శకు తగ్గ కష్టమేనా అని ముందు కొంత వాదన జరిగింది. మా చిన్నాయన కొడుకు మొగులయ్యకు ట్రాలీ ఆటో ఉంది, అందుకని వాడి మాటకు కాస్త బరువు ఎక్కువ.

"బిడ్డ ఉండంగ పోయి పరాయోళ్ళ నడుమ అన్నం తినుడు కష్టం గాకపోతే ఏంది అక్కా?" అన్నాడు.

"అయితే నడువుండ్రి. ఏడ్సి, ఎత్తుకొని తెచ్చుకుందాం" అన్నాను.

మాది రెండు గదుల ఇల్లు. నా కొడుకు శివ, కోడలు, ఇద్దరు పిల్లలు, నేను. అయినా నా మంచం పక్కన మూల ఊడ్చి, తమ్ముడి మంచానికి చోటు చేసే బయల్దేరాను. ఆ ఆదివారం వాణ్ణి తీసుకురాకుండా తిరిగి రాకూడదని నా పట్టుదల.

ట్రాలీ ఆటోలో అరటిపండ్లు, బ్రెడ్డు ప్యాకెట్లు, ఒక డబ్బా కల్లు, గిన్నె నిండా నేను వండిన చేపల పులుసు, వాటి చుట్టూ మేము. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. ఎవరు కావాలన్నాడు, ఫోను నంబరు అన్నాడు, తర్వాత చిన్న డబ్బా లాంటిది నా ముఖానికి ఎదురుగా పెట్టి ఇటు చూడండి అన్నాడు.

"మా తమ్మున్ని సూడనీకి నా ఫోటో ఎందుకు బిడ్డా? ఈ వయసుల నాకేమన్న సంబంధం సూస్తున్నవా?"

వాడు నవ్వి లోపలికి ఫోను చేశాడు. గౌరయ్య వచ్చాడు. రైల్వేలో ఖాకీ, ఇంట్లో ధోవతి తప్ప ఎరగని మనిషి, నల్ల ట్రాకు ప్యాంటు, తెల్ల బూట్లు వేసుకుని వచ్చాడు. ఆ బూట్లు చూసేసరికి నాకు నిజంగానే ఏడుపొచ్చింది. మోకాళ్ళ నొప్పి మరచి ఉరికి వాడి మెడ మీద పడ్డాను.

"ఓ నా తమ్ముడా... రైలు పట్టాలన్ని నువ్వు కాస్తివి, నిన్ను కాసెటోళ్ళు లేకపాయెనా తమ్ముడా... చంకల మోసిన అక్క సచ్చిపాయెననుకుంటివా, బూట్లేసుకొని ఒంటిగ వస్తివా..."

నా వెనక మిగతా ఆడవాళ్ళు అందుకున్నారు. గొంతులు ఎట్లా కలవాలో అట్లా కలిశాయి. వాడు నా చెవి దగ్గర గొణుగుతున్నాడు.

"అక్కా, ఇడువు. నేను సావలే అక్కా, ఇడువు జర."

పైన వరండాల్లో ఒక్కొక్కరే పెద్దవాళ్ళు బయటికి వచ్చారు. ఎవరిదో చేతికర్ర కింద పడిన చప్పుడు. ఒకాయన గుండె మీద చెయ్యి వేసుకుని అక్కడే కూర్చుండిపోయాడు. ఎవరు పోయారు, ఎవరు పోయారు అని అడుగుతున్నారు. మెడలో కార్డు వేసుకున్న ఒక యువకుడు లోపలి నుంచి ఉరికి వచ్చాడు. పేరు ఆకాశ్, అక్కడి మేనేజరు.

"అమ్మా, దయచేసి ఆపండి. ఇక్కడ గుండె జబ్బులున్న వాళ్ళున్నారు. ఏం జరిగింది? ఎవరికేమైంది?"

"మా తమ్ముడు నీ తాన వడ్డడు, గదే అయింది" అన్నాను.

అతనికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక గౌరయ్య వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "అంకుల్, మీ నెల ఇంకా పూర్తి కాలేదు. మిగతావాళ్ళు ఇట్లా భయపడితే, మిమ్మల్ని ఖాయం చేయడం నాకు కష్టమవుతుంది."

నాకు లోలోపల సంబరమైంది. కష్టపడకుండానే పని అయిపోయింది కదా.

"మస్తు మంచిగాయె. సంచి సదురుకో గౌరయ్యా, బండి తయారుంది" అన్నాను.

అప్పుడు వాడు తల ఎత్తి నా ముఖంలోకి చూశాడు. ఎన్నేళ్ళయిందో వాడి కళ్ళు నేను చూసి. మా నాయిన కళ్ళు.

"నేను రాను అక్కా. నువ్వొచ్చి నా ఇజ్జత్ తీసినవ్" అని, వెనక్కి తిరిగి తన గదిలోకి వెళ్ళిపోయాడు.

నేను ఊరుకుంటానా? వెనకాలే వెళ్ళాను. గది చూస్తే మా ఇల్లంత ఉంది. ఒక్క మనిషికి అంత గది. బాత్రూం తలుపు తీసి చూశాను. గోడ పొడుగునా పట్టుకోవడానికి ఉక్కు కమ్మీలు, నేల గరుకుగా ఉంది. పక్కన ఒక తాడు వేలాడుతుంటే లాగాను. నిమిషం కాకముందే నర్సు పిల్ల ఉరికొచ్చింది. ఏమైంది అవ్వా అని అడిగింది. ఏం కాలేదు బిడ్డా, నువ్వు వస్తవో రావో సూసిన అన్నాను. ఇంతలో ఎవరో మధ్యాహ్నం భోజనం పళ్ళెం తెచ్చి పెట్టారు. సాంబారు వేలితో నాకి చూశాను. ఉప్పూ లేదు, కారమూ లేదు. జ్వరం వచ్చిన మనిషి కూడా మూతి తిప్పుకునేటట్టు ఉంది.

"గిదా నువ్వు తింటున్నది? చేపలు పెడ్తరా?"

"వాసనని పెట్టరు."

"పిల్లల సప్పుడేది? ఒక్క పిల్లగాడు లేడు. సూద్దామంటే అందరూ మనసోంటోళ్ళే. గిదేం ఊరు?"

"నిజమే" అన్నాడు. దేనికీ కాదనలేదు. బల్ల మీద రెండు చేతులూ పెట్టుకుని, నెమ్మదిగా చెప్పాడు. అంత పొడుగు మాట వాడి నోట నేను ముందెప్పుడూ వినలేదు.

"పొద్దుగాల లేసి గోడ చుట్టూ నడుస్తున్న అక్కా. బండ్లు రావు. మొదలు ఒక్కన్నే నడిచిన. ఇప్పుడు నా ఎనక గుంపు నడుస్తాంది. నేను ఆగితే ఆగుతరు. గౌరయ్య గారూ ఈరోజు ఎటు నుంచి అని అడుగుతరు. నన్ను గారు అంటున్నరు అక్కా. దీప మునుపు ఫోన్ జేస్తే పడ్డవా బాపూ అనేది. ఇప్పుడు తిన్నవా బాపూ అంటాంది. నవ్వుతాంది గూడ. నీ ఇంట్లకు వస్తే నువ్వు సూస్తవు, నాకెరుకే. మరి నిన్నెవరు సూడాలె? నీ మోకాళ్ళు నాకన్న పాడైనయ్."

నేను నా మోకాళ్ళ మీది చేతులు తీసేశాను.

తలుపు దగ్గర చప్పుడైంది. నాలుగు కాళ్ళ కర్ర తోసుకుంటూ ఒక సన్నటి ముసలామె లోపలికి వచ్చింది. తల మీద తెల్ల దుపట్టా. పక్క గదిలో ఉండే జహేదా బేగం అని గౌరయ్య చెప్పాడు. మేడ్చల్ దగ్గరి పల్లెలోనే పుట్టి పెరిగిన మనిషట. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్నే చూస్తూ అడిగింది.

"రుక్మాబాయి కోసం ఏడ్వనీకి వచ్చినోళ్ళు మీరేనా అక్కా?"

"రుక్మాబాయి ఎవ్వరు?"

ఆమె అక్కడున్న కుర్చీలో కూలబడింది. "నేను గట్లే అనుకున్న. ఎవరో ఒకరు వచ్చిన్రు గదా అని ఉరికొచ్చిన."

సంగతి గౌరయ్య చెప్పాడు. రుక్మాబాయి టీచరమ్మ జహేదా అవతలి గదిలో ఉండేది. ఆ వారంలోనే నిద్రలో పోయింది. టిఫిను వేళకు ముందే బండి వచ్చి వెనక గేటు నుంచి తీసుకుపోయింది. అందరూ టిఫినుకు వచ్చేసరికి ఆమె కుర్చీ తీసేసి ఉంది. మిగతావాళ్ళ మనసు చెదురుతుందని ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ ఏమీ అడగలేదు.

"మా ఊర్ల పెద్దమనిషి పోతే హిందువుల ఆడోళ్ళు, మా ఆడోళ్ళు ఒక్క వాకిట్లనే కూసుండి ఏడ్సెటోళ్ళు" అంది జహేదా. "ఈడ నా దోస్తు పోతే నేను ఇడ్లీ తిన్న అక్కా. అందరు తింటున్నరని తిన్న. ఇంక గొంతు దిగలే అది."

సాంబారు, గేటు, చేపల వాసన, అవన్నీ చిన్న సంగతులు. ఆ చోటి అసలు లోటు ఇది. మనిషి బాగుండటానికి అన్నీ అమర్చారు, మనిషి పోయిన తర్వాత మిగిలినవాళ్ళ కోసం మాత్రం ఏమీ ఆలోచించలేదు.

"నాకు ఆమె తెల్వది చెల్లె. తెల్వని మనిషికి శోకం రాదు. ఆమె ఎసొంటిదో జెప్పు" అన్నాను.

"మేడ్చల్ బడిల లెక్కలు జెప్పింది. మస్తు కోపం. క్యారమ్స్‌ల తొండి జేస్తది, అడిగితే లెక్కలు నీకు తెల్సా నాకు తెల్సా అంటది. బ్రెడ్డు అంచులు నావి గూడ తీసుకొని తింటది. రాత్రి నాకు దగ్గు వస్తే గోడ మీద రెండుసార్లు కొట్టేది, ఉన్నవా అని. నేను ఉన్న అని కొట్టేదాన్ని."

చాలు. ఆమెను చెయ్యి పట్టుకుని కింద వాకిట్లోకి తెచ్చాను. వేపచెట్టు కింద అరుగు మీద కూర్చోబెట్టి, నేను కింద కూర్చుని మొదలుపెట్టాను. ఈసారి అరవలేదు. చెవికి దగ్గరగా, నెమ్మదిగా.

"ఓ నా టీచరమ్మా... లోకానికి లెక్కలు జెప్తివి, జహేదను ఒక్కదాన్ని జేసి లెక్క తప్పిపోతివా అమ్మా... గోడ కొట్టి ఉన్నవా అంటివి, ఇయ్యాల గోడ కొడితే పలకవైతివి..."

జహేదా నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నా వెనక మా ఆడవాళ్ళు సన్నగా అందుకున్నారు. వరండాల్లో నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే కర్రలు పట్టుకుని దిగి వచ్చారు. ఎవరికి తోచింది వాళ్ళు చెప్పడం మొదలుపెట్టారు. నాకు పేపరు చదివి వినిపించేది అని ఒకాయన. నా షుగరు మాత్ర గుర్తు చేసేది అని ఒకావిడ. ఒక్కొక్క మాటను నేను రాగంలో కలుపుకుంటూ పోయాను. గుండె మీద చెయ్యి వేసుకుని కూర్చుండిపోయిన ఆయనే అందరికంటే ఎక్కువ ఏడ్చాడు. అతనికేమీ కాలేదు.

తర్వాత పద్ధతి ప్రకారం ముఖాలు కడుక్కున్నాం. అరటిపండ్లు, బ్రెడ్డు పంచాం. జహేదా తన బ్రెడ్డు అంచులు తుంచి వేపచెట్టు మొదట్లో పక్షులకు పెట్టింది. చేపల పులుసు గిన్నె మూత తీస్తే వాసనకు ముఖం తిప్పుకున్నవాళ్ళు ఇద్దరే. మిగతావాళ్ళు పళ్ళేలు తెచ్చుకున్నారు. కల్లు డబ్బా మాత్రం మొగులయ్య ట్రాలీలో కప్పి పెట్టాడు, ఇంటికి పోయాక తానే చూసుకుంటానని.

ఆకాశ్ ఒక పక్కన నిలబడి ఉన్నాడు. నేను పళ్ళెంలో రెండు ముక్కలు వేసి అతని చేతికిచ్చాను.

"తిను బిడ్డా. గంత మంచి మనిషిని ఎనక గేటు నుంచి ఎందుకు పంపినవ్?"

"కుటుంబాల వాళ్ళే అట్లా అడుగుతారమ్మా, మిగతావాళ్ళు దిగులు పడతారని. ఆమె సంచి నేనే మోసుకెళ్ళి బండిలో పెట్టాను. ఆ రోజు నేనూ ఏమీ తినలేదు. ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు."

"ఇప్పుడు తెల్సింది గదా" అన్నాను.

అతను చాలాసేపు ముళ్ళు ఏరుకుంటూ తిన్నాడు. తర్వాత జహేదా దగ్గరికి వెళ్ళి, ఇకనుంచి ఎవరు పోయినా ముందు గేటు నుంచే సాగనంపుదామని, ఆ సాయంత్రం అందరం ఈ చెట్టు కింద కూర్చుందామని అన్నాడు. ఆమె తల ఊపింది. నేను అసలు మాట అడిగాను.

"మరి మా తమ్ముని సంగతి? ఉంచుకుంటవా, తోలిస్తవా?"

అతను జవాబు చెప్పకముందే జహేదా తన కర్రను నేల మీద కొట్టింది. "గౌరయ్య భాయి పోతే పొద్దుగాల మమ్మల్ని నడిపిచ్చేదెవరు? నువ్వు నడిపిస్తవా బేటా?"

ఆకాశ్ నవ్వాడు. ఈ ఏడుపుల మీద ఫిర్యాదు చేసేవాళ్ళు ఇక్కడ ఎవరూ కనిపించడం లేదు కనుక ఖాయమే అన్నాడు. గౌరయ్య మళ్ళీ తల వంచుకుని తన తెల్ల బూట్లు చూసుకుంటున్నాడు. అయితే మూతి పక్కన చిన్న నవ్వు ఉంది. అక్కగా నాకు తెలుస్తుంది.

ఉత్త ట్రాలీతో తిరిగి వచ్చాం. నేను ఊడ్చిన మూలలో మా కోడలు కుట్టుమిషను పెట్టుకుంది. నన్ను ఎవరైనా అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను. అక్కడ బాత్రూం బాగుంది, పిలిస్తే పలికే మనిషి ఉంది, సాంబారు బాగాలేదు, పిల్లలు లేరు. చేతిలో పైసలున్న వాళ్ళకే ఆ గేటు తెరుచుకుంటుంది, అది నాకు ఇప్పటికీ మింగుడు పడదు. మా తమ్ముడికి అది సరిపోయింది. నాకు సరిపోదు, నాకు పొద్దున లేస్తే తిట్టడానికి మనవలు కావాలి.

మొన్న ఆదివారం మళ్ళీ వెళ్ళాను, ఈసారి ఒక్కదాన్నే, బస్సులో, చేపల గిన్నె ఒళ్ళో పెట్టుకుని. వాచ్‌మన్ ఫోటో తీయకుండానే లోపలికి పంపాడు. దీప నాకంటే ముందే వచ్చి వేపచెట్టు కింద కూర్చుని ఉంది, పక్కన జహేదా. గోడ వెంట గుంపు నడుస్తోంది, ముందు మా గౌరయ్య. నన్ను చూసి కూడా వాడు ఆగలేదు.

"అక్కా, జర కూసో. నా డ్యూటీ ఇంక అయిపోలే" అని కేకేసి ముందుకు సాగాడు.

నేను గిన్నె పక్కన పెట్టుకుని కూర్చున్నాను.